నాడీ పరిశోధనాలయమున పనివారెవరు?

గడచిన అర్ధసంవత్సర పరీక్షలో పదవ తరగతివారికి "పరిశోధనాలయము" అను విషయముపై వ్యాసము వ్రాయుడని యిచ్చితిమి. దిద్దుటకు కూర్చున్నప్పుడు దాదాపు ప్రతి పుస్తకమునందును మాకొక్కడే మనిషి కనబడినాడు. తెల్లని అంగరఖా, కండ్లజోడు, చేతిలో గాజుగొట్టము. ఆయన ఒంటరివాడు. ఆంగ్లములో తప్ప మాటాడడు. ఒక బాలిక మాత్రము, ఆ గదిని ఉదయమున ఊడ్చువారెవరో తనకు తెలియదని చివర నొక వాక్యము చేర్చినది. ఆమెకు మేమొక మార్కు ఎక్కువ వేసితిమి.

తప్పు చిన్నదైనచో ఎఱ్ఱ సిరాతో దిద్ది విడిచియుందుము. మన పిల్లల విషయమున నిది చిన్న తప్పు కాదు. ఆ తెల్లని అంగరఖా మనిషిలో తమ పోలిక యొక్కటియు కానరాకపోవుటచేత, శాస్త్రము తమ త్రోవ కాదని వారు తొమ్మిదవ తరగతిలోనే తీర్మానించుకొనుచున్నారు. పెద్దలును అట్లే తలంచుచున్నారు. క్రిందటి వేసవిలో నొక విద్యార్థి తండ్రి, సముద్రముపై వేటకు పోవువాడు, బడికి వచ్చి మాతో అనిన మాట యిది: "మా గుంటడికి సయన్సెందుకు మేస్టారూ? రేపో మాపో పడవెక్కీవోడే గదా. ఇంగిలీషు బళ్లో సదివినోళ్లకే అయ్యన్నీ."

ఆ మాటలో శాస్త్రముపై అగౌరవము లేదు; అనుభవమున్నది. ఈ గంజాం తీరమున తెలుగు పలుకు బెస్త కుటుంబమునకు కచేరీలో ఒడియా కావలెను, రైలులో హిందీ కావలెను, ఉద్యోగమునకు ఆంగ్లము కావలెను. తెలుగు ఇంటిలోను పడవలోను చెల్లును. పొరుగు రాష్ట్రమున పండిత శిక్షణము పొంది యిచటికి వచ్చిన మాకు, మొదటి యేడాదిలోనే యీ సంగతి బోధపడినది. ఆ తండ్రికి ఆనాడు మేము చెప్పిన సమాధానము పొట్టిది. దానినే యిచట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొనినంతనే చేయి వెనుకకు లాగుకొందుము. ఆ వార్తను మోసికొనిపోవునది నాడీతంతువు. అది యొక విధమైన విద్యుత్తరంగమని పండితులు ఎంతో కాలముగా నెఱుగుదురు. అయితే ఆ విద్యుత్తు తంతువులో ఎట్లు పుట్టును, ఎట్లు సాగిపోవును అను ప్రశ్న మిగిలియుండెను. తెలిసికొనవలెనన్నచో తంతువు లోపలికి ఎలక్ట్రోడును, అనగా విద్యుత్తును కొలుచుటకు పంపు సన్నని తీగెను, చొప్పింపవలెను. మన శరీరములోని తంతువు ఎంత లావైనను మిల్లీమీటరులో ఏబదవ వంతును మించదు. అందులో తీగె చొప్పించుటకు ఆనాడు వీలు లేకపోయెను.

ఈ చిక్కు విప్పినది కందవాయి. మన పిల్లలకు దానిని వర్ణించి చెప్పనక్కరలేదు. వలలో పడినప్పుడు సిరా చిమ్మి చొక్కా పాడుచేయునది అదియే. బెదరినప్పుడు ఒడలిలోని నీటినంతను ఒక్కసారి వెలికి చిమ్మి, ఆ త్రోపుతో వెనుకకు దూసికొనిపోవును. ఒడలి కండలన్నియు ఒకే క్షణమున ముడుచుకొననిదే ఆ దూకుడు రాదు. తంతువు లావైనకొలది వార్త వేగముగా పోవును. అందుచేత దాని ఒడలిలో కొన్ని తంతువులు అరమిల్లీమీటరు, ఒక్కొక్కప్పుడు దాదాపు మిల్లీమీటరు లావున పెరిగియున్నవి. మన తంతువులతో పోల్చినచో దారము ప్రక్కన మోకు వంటివి. ఇవి నాడీతంతువులేయని 1936లో లోకమునకు నిరూపించి చెప్పినవాడు జె. జెడ్. యంగ్ అను ఆంగ్లేయ జంతుశాస్త్రజ్ఞుడు.

ఇక పరిశోధనాలయమునకు పోదము. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్ర పరిశోధనాలయ మొకటి కలదు. నాడీవార్తలను కొలిచి 1932లో నోబెలు బహుమానమును షెరింగ్టనుతో పంచుకొనిన ఏడ్రియను దానికి అధిపతిగా నుండెను. కేంబ్రిడ్జికి సముద్రము దూరము. కనుక ఆ విశ్వవిద్యాలయపు యువకులు కందవాయికొఱకు దక్షిణ తీరముననున్న ప్లిమత్ పట్టణపు సముద్రజీవ పరిశోధనాలయమునకు పోవలసివచ్చెను. ఇచ్చటనే మన పిల్లలు కొంచెము నిలిచి చూడవలెను. కందవాయి తొట్టిలో ఎక్కువ కాలము బ్రదుకదు. వలలో నలిగినచో చెడిపోవును. అది సజీవముగా ఒడ్డు చేరవలెనన్నచో ఏ లోతున వల వేయవలెనో, ఎంతసేపు లాగవలెనో, పైకి తీసి ఎట్లు పట్టుకొనవలెనో ఎఱిగిన చేతులు కావలెను. పడవవారి వల ఖాళీగా వచ్చిన దినమున విశ్వవిద్యాలయ పండితునకు పని లేదు. ఎంతటి గణితము వచ్చినను అతడు ఒడ్డున కూర్చుండి సముద్రమువైపు చూడవలసినవాడే.

1939 వేసవిలో ఆలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ అను నిరువురు అచట పనికి పూనుకొనిరి. మొదటివానికి 25 ఏండ్లు, రెండవవానికి 21. మిల్లీమీటరులో పదవ వంతు లావుగల గాజుగొట్టమును తంతువు కోసిన కొననుండి నిలువుగా, గోడను తాకకుండ, లోపలికి దింపిరి. సూదిలో దారము ఎక్కించుటకే మనకు దీపము కావలెను గదా! అంతవఱకు శాస్త్రజ్ఞుల యూహ యేమనగా, వార్త పోవునప్పుడు తంతువు లోపలికిని వెలుపలికిని గల విద్యుద్భేదము నశించి సున్న యగునని. వీరు కొలిచి చూడగా అది సున్నవద్ద ఆగక, దానిని దాటి ఆవలి ప్రక్కకు పోయెను. ఎందుచేత? ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకు వ్యవధి లేకపోయెను. సెప్టెంబరు 1వ తేదీన జర్మనీ సైన్యము పోలండుపై పడెను. ఒక చిన్న లేఖను పత్రికకు పంపి వారు తమ పరికరములు విడిచి యుద్ధపు పనులకు పోయిరి. హాడ్జ్‌కిన్ విమానముల రాడారు పనిలో చేరెను. 1941లో బాంబులు పడి ప్లిమత్ పరిశోధనాలయము దెబ్బతినెను. ఆ పని మరల చేత పట్టుటకు ఎనిమిదేండ్లు పట్టినది.

హక్స్‌లీ చదువును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. పండ్రెండేండ్ల వయస్సున తల్లిదండ్రులు అతనికొక లేతు యంత్రము కొనియిచ్చిరి. కొయ్య దీపస్తంభములు మొదలుకొని పనిచేయు చిన్న ఇంజనువఱకు ఆ బాలుడు చేతితో చేసెను. పెద్దవాడైన పిదప పరిశోధనకు వలసిన సూక్ష్మపరికరములను తానే రూపించుకొనగలిగెను. అది ధనవంతుల ఇల్లు, తాత ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు, కాదనము. మన పిల్లలకు లేతు కొనియిచ్చువారు లేరు. అయితే వల అల్లుటలో, పడవ ఇంజను విప్పి బిగించుటలో వారి చేతులు నేర్చినదానిని మన బడి చదువుగా నెంచుటలేదు. మార్కుల పట్టికలో దానికి గడి లేదు.

యుద్ధానంతరము వీరితో కలిసినవాడు బెర్నార్డ్ కాట్జ్. ఇతడు జర్మనీలో పుట్టి పెరిగిన యూదుడు. హిట్లరు ప్రభుత్వమున బ్రదుకు దుర్లభమగుటచే 1935లో దేశము విడిచి లండను చేరినవాడు. తల్లిభాష జర్మను, పరిశోధించి వ్రాసినది ఆంగ్లమున. రెండవ భాష నేర్చుకొనినవాడు మొదటి భాషను పోగొట్టుకొనవలెనని శాస్త్రము అతనిని అడుగలేదు. తరువాత 1970లో అతనికి నోబెలు బహుమానము వచ్చెను.

ఈ మువ్వురును అమెరికాలో కెన్నెత్ కోల్ కల్పించిన యొక ఉపాయమును గ్రహించి, దానిని మెఱుగుపఱచి ప్రయోగించిరి. చెరువులో మట్టము తగ్గనీయక పైనుండి నీరు పోయుచు, తూమునుండి ఎంత నీరు పోవుచున్నదో కొలిచినట్లు, తంతువులోని విద్యుత్తును ఒక మట్టమున కదలకుండ పట్టియుంచి ప్రవాహమును కొలిచిరి. ముఖ్యమైన కొలతలు 1949 వేసవిలో ముగిసినవి. తేలినదిది: తంతువు వెలుపల సోడియము ఎక్కువ, లోపల పొటాషియము ఎక్కువ. వార్త వచ్చినపుడు ముందు సోడియమునకు త్రోవ తెరచుకొనును. అది లోపలికి చొరబడును. సెకనులో వేయవ వంతు గడచునో గడువదో, ఆ త్రోవ మూసికొని పొటాషియమునకు త్రోవ యగును. అది వెలికి పోవును. ఆ సోడియము సముద్రపు ఉప్పులోనిదే. 1939లో సున్నను దాటి పోయిన కొలతకు కారణము ఆ చొరబాటే. మన శరీరమున జరుగునదియు ముఖ్యముగా నిదియే. పన్ను తీయు వైద్యుడు చిగురునకు వేయు మందు ఆ సోడియపు త్రోవనే మూయును. వార్త మెదడునకు పోదు, నొప్పి తెలియదు. ఆ మందులు అంతకు ముందే వాడుకలో నుండెను. అవి యెట్లు పనిచేయునో తెలియుటకు మార్గమేర్పడినది మాత్రము కందవాయి దయవలననే.

కొలతలు సరియో కాదో లెక్క వేసి చూడవలెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆనాడే యొక విద్యుద్గణన యంత్రముండెను. కాని 1951లో అది మార్పులకై ఆరు నెలలు ఆగిపోయెను. హక్స్‌లీ ఆగలేదు. చేతితో పిడి త్రిప్పు లెక్కల యంత్రమును ముందు పెట్టుకొని అంకె తరువాత అంకె త్రిప్పెను. తంతువు వెంబడి వార్త సాగిపోవు తీరును ఒక్కసారి లెక్కించుటకు సుమారు మూడు వారములు పట్టినది. లెక్క చెప్పిన వేగము సెకనుకు 18.8 మీటర్లు. తంతువులో నిజముగా కొలిచిన వేగము 21.2 మీటర్లు. రెండును అచ్చముగా నొకటి కావు. అయినను అంత దగ్గఱకు వచ్చుట సామాన్యము కాదు. పదియవ లెక్క తప్పగానే పుస్తకము మూసివేయు మన తొమ్మిదవ తరగతి వీరులు ఆ మూడు వారములను ఒకసారి ఊహించి చూడవలెనని మా కోరిక.

1952లో ఐదు వ్యాసములు వెలువడినవి. 1963లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ, ఆస్ట్రేలియావాడగు ఎకల్స్ – ఈ మువ్వురకును నోబెలు బహుమానము వచ్చెను. ఆ బహుమానమును ముగ్గురికి మించి పంచరాదని నియమము. అందుచేత దానిని తప్పుపట్టము. పంచినచో ఎందఱికి పంచవలసియుండునో ఆలోచింపుడు. వల లాగినవారు, యంత్రశాలలో ఇత్తడిని కోసి సూక్ష్మమైన మరలు బిగించినవారు, గాజు సాగదీసినవారు, తొట్టెలలో నీరు మార్చినవారు, చెదరిన పరిశోధనాలయమును తిరిగి కట్టిన తాపీ పనివారు. పాఠ్యపుస్తకములో ఇరువురి పేర్లుండును. పరీక్షలో ఇరువురి పేర్లే అడుగుదుము. నేడు విశ్వవిద్యాలయములలో మెదడును గూర్చి పరిశోధించు ఆలయములకు పోయినను సంగతి యిట్టిదే. ఆచార్యుడొకడు, పరిశోధక విద్యార్థులు కొందఱు, కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయువారు, గణాంకములు సరిచూచువారు, ఎలుకలకు మేత వేసి వాని ఆరోగ్యము కనిపెట్టువారు, పరికరములు బాగుచేయువారు. పరీక్షకు తామై వచ్చి కూర్చుండువారును కలరు. వీరు లేనిదే మనుష్యుని మెదడును గూర్చి తెలియునది స్వల్పము.

ఆ కడపటివారిని గూర్చి కొంచెము వ్రాయవలెను. మన భాష ప్రసక్తి అచ్చటనే వచ్చును. హైదరాబాదున విశ్వవిద్యాలయ ప్రతిపత్తి గల నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ యున్నది. ఆనాడు అచట నాడీవైద్యురాలుగా నుండిన డాక్టరు సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును కలిసి, ముదిమిలో మతిమఱుపు వ్యాధి సోకిన 648 మందిని పరిశీలించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటాడువారు. ఒకే భాష గలవారికంటె వీరికి వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా వచ్చినట్లు తేలినది. చదువు రానివారిలోను ఈ భేదము కానవచ్చెను. ఇతర దేశముల పరిశీలనలు కొన్ని యిట్టి ఫలితమునీయలేదు గనుక ఇది తుదిమాట యని మేము చెప్పము. మూడవ భాషవలన, నాల్గవ భాషవలన అదనపు లాభము మాత్రము వారికి కానరాలేదు. నాలుగు భాషలతో కుస్తీ పట్టు మన పిల్లలు దీనికి కొంత నొచ్చుకొందురేమో!

మేము చెప్పదలచినది ఫలితమును గూర్చి కాదు, పనిని గూర్చి. మతిమఱుపును కొలుచు పరీక్షలలో ప్రసిద్ధమైన యొకటి ఇంగ్లండున తయారైనది. దానిని హైదరాబాదువారు తెలుగునకు అనువుగా మార్చుకొనిరి. మార్చుట యనగా నిఘంటువు తెఱచి మాటకు మాట పెట్టుట కాదు. ఆంగ్లపు పరీక్షలో, వ్రాత యొకటియు పలుకొకటియు గల మాటలను చదివింతురు. తెలుగున వ్రాసినట్లే చదువుదుము. కనుక ఆ ప్రశ్నను ఉన్నదున్నట్లు తెచ్చిన ప్రయోజనము శూన్యము. ఒక నిమిషములో 'పి' అను అక్షరముతో మొదలగు మాటలు చెప్పుమని మఱియొక ప్రశ్న. తెలుగువానిని 'ప'తో మొదలగు మాటలు చెప్పుమనినచో పాలు, పిల్లి, పులి చెల్లునా, చెల్లవా? 'ప' వేఱు, 'పా' వేఱు అని నేర్చినవాడు 'పడవ' అనును, 'పాము' అనుటకు సందేహించును. బడి మొగమెఱుగని ముదుసలికి అక్షరమే తెలియదు. ఆమెను ఏమని యడుగవలెను? ఆమె తడబాటు వ్యాధివలననా, ప్రశ్న అర్థముకాకనా? దీనిని తేల్చుటకు కావలసినది మైక్రోస్కోపు కాదు. గుణింతమును, ముసలివారి నుడికారమును బాగుగ నెఱిగిన మనిషి.

అట్టి మనిషి పరిశోధనాలయమున నుండవలసినవాడే. అతడు నాడీశాస్త్రము నేర్చినవాడైనచో మఱియు మంచిది. అందుకు ఆంగ్లము కావలెను. కావలదని చెప్పు మూర్ఖత్వము మాకు లేదు. ఉన్నతవిద్యలో గ్రంథములు ఆ భాషలోనే యున్నవి. మన పిల్లలు దానిని కష్టపడి నేర్వవలసినదే. మేము కాదనునది మఱియొకటి. ఆంగ్లము రావలెనని తెలుగు మాన్పించుట, ఇంటిలో అవ్వతో సయితము వచ్చీరాని ఆంగ్లము పలికించి మురియుట – ఈ రెండును ఈమధ్య మన వీథులలో పెరిగినవి. ఆ పిల్లవాడు రేపు నాడీవైద్యుడై వచ్చినను, మతిచెడిన తన అవ్వ ఏమనుచున్నదో తెలిసికొనుటకు దుబాసీని పిలిపించుకొనవలసివచ్చును.

మన బడి సంగతి. సామానుల గదిలోని బీరువాలో రెండు మైక్రోస్కోపులు, ఒక పెట్టెడు కత్తెరలు, పట్టకారులు ఉన్నవి. అవి పగులునేమో, పోవునేమో యను భయముచేత సంవత్సరమున కొకసారి, తనిఖీ దినమున, బయటికి వచ్చి దుమ్ము దులుపుకొని లోపలికి పోవుచున్నవి. భయము అకారణమని అనము. పోయిన వస్తువునకు లెక్క చెప్పవలసినవారు ఉపాధ్యాయులే. కాని వాడక తుప్పుపట్టినదానికి ఎవరును లెక్క అడుగరు; అందుచేత మనము తుప్పునే యెన్నుకొనుచున్నాము. ప్రధానోపాధ్యాయులతోను, సైన్సు ఉపాధ్యాయులతోను మాటాడితిమి. ఇకమీదట ప్రతి శనివారము మూడవ గంట తరువాత బీరువా తెఱచియుంచుటకు వారంగీకరించిరి. ఏదైన పగిలినచో ఆ ఖర్చునకై తల్లిదండ్రుల సంఘమువారు కొంత సొమ్ము ప్రక్కన పెట్టవలెనని యీ పత్రికాముఖమున అడుగుచున్నాము. మైక్రోస్కోపు అద్దము వెల మన వార్షికోత్సవపు పూలదండల వెలకంటె అధికము కాదు.

మొదటి శనివారమున కందవాయిని కోసి చూపుదురు. దీనికై ప్రత్యేకముగా ప్రాణిని చంపుట లేదు. అంగడికి పోవలసిన వేటనుండియే రెండు తెచ్చి యిచ్చెదనని, పైన చెప్పిన తండ్రియే ఒప్పుకొనినాడు. ఒడలిని ముందువైపున నిలువుగా చీల్చి విప్పినచో, లోపలి ప్రక్కలందు కుడియెడమల నక్షత్రాకారముగల నాడీగ్రంథులు రెండు కనబడును. వానినుండి కిరణములవలె విడివడిన నరములలోనే ఆ లావుపాటి తంతువులున్నవి. నరములను చూచుటకు కన్ను చాలును. సిరాతిత్తి చిట్లకుండ కోయుట మాకు రాదు, సైన్సు ఉపాధ్యాయులకును రాదు. అది బాగుగ తెలిసిన తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఇరువురు ముందు వరుసలో నిలిచి చేయుదురు. కోసినది కూరకు పనికివచ్చునా యని అప్పుడే కొందఱు తల్లులు అడిగిరి. శుభ్రమైన పళ్లెము పంపినచో తప్పక పనికివచ్చును. పడవలు ఏ వేళకు ఒడ్డు చేరునో ముందుగా తెలియదు గనుక గంట చెప్పజాలము. బడి గంట రెండు మాఱులు వరుసగా మ్రోగినప్పుడు రావలెను.